రాజు మాట పూర్తికాకముందే కప్పిన శాలువా

పాట ముగియకముందే, నాటకం పూర్తికాకముందే వేదిక ఎక్కి కళాకారుడికి శాలువా కప్పిన చేతులకు మీరు ఎన్నిసార్లు చప్పట్లు కొట్టారు? పోయిన వారం ఇక్కడ అమెరికాలోని అరోరాలో, మా తెలుగు సంఘం ఉగాది సభలో, ఒక పెద్దావిడ బుర్రకథ సగంలో ఉండగా ముఖ్య అతిథి శాలువాతో లేచాడు. ఆవిడ తంబురా భుజాన ఉండగానే తల వంచింది. హాలంతా చప్పట్లతో మోగింది. నా చేతులు మాత్రం ఒళ్లోంచి లేవలేదు.

ఇళ్ల ధరలు కుప్పకూలి, మనవాళ్లు ఏ విందులో కలిసినా లేఆఫ్‌ల మాటే మాట్లాడుకున్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. అప్పుడే మా పక్కింట్లో కూతురి దగ్గర ఉండడానికి ఇంగ్లండు నుంచి ఒక ముసలి నటుడు వచ్చాడు. అక్కడ ఊరూరా తిరిగే నాటక కంపెనీల్లో, వందల ఏళ్ల నాటి పద్యనాటకాల్లో, బల్లెం పట్టుకుని నిలబడే సైనికుడిగా మొదలై, దూతగా, మంత్రిగా ఎదిగి, చివరికి రాజు వేషధారికి ఒంట్లో బాగోకపోతే ఆ వేషం కట్టడానికి తెర వెనుక సిద్ధంగా ఉండే మనిషయ్యాడట. ఆ రాజుకు ఒక్కనాడూ జలుబైనా చేయలేదని నవ్వుతూ చెప్పేవాడు. అలా రాజు మాటలన్నీ కంఠస్థమయ్యాయి గాని, కిరీటం మాత్రం ఆయన తలకెక్కలేదు. మా అమ్మాయికి స్కూల్లో వక్తృత్వ పోటీకి గొంతు ఎలా నిలపాలో నేర్పింది ఆయనే.

ఆ రాజు ఘట్టం మా ఉగాది సభలో వేయమని అడిగింది నేనే. ముసలాయన ఒప్పుకుని ఒకే ఒక్క షరతు పెట్టాడు: తాను ముగించి తల వంచేదాకా ఎవరూ వేదిక ఎక్కకూడదు, తనను పలకరించకూడదు. నేను అప్పట్లో సంఘంలో పెద్ద హేతువాదిని. కొబ్బరికాయ కొట్టకుండా తెర లేపాలని కమిటీతో పోరాడి గెలిచినవాణ్ణి. నాటకాలవాళ్ల మూఢనమ్మకాల గురించి ఎక్కడో చదివి ఉన్నాను కాబట్టి, మా కొబ్బరికాయకీ మీ షరతుకీ తేడా ఏమిటని ఎద్దేవా చేశాను. "మీవాళ్లు దేవుణ్ణి అడుగుతారు, నేను మిమ్మల్ని అడుగుతున్నాను" అన్నాడాయన ఇంగ్లీషులో, నెమ్మదిగా. ఆ మాటను కూడా నేను విందుల్లో జోకుగా చెప్పుకు తిరిగాను.

సభ రోజు హైస్కూలు ఆడిటోరియంలో, మా అమ్మాయి అట్టతో చేసిన కిరీటం పెట్టుకుని ఆయన నోరు విప్పగానే, సమోసాల కోసం లేచిన జనం లేచినట్టే నిలబడిపోయారు. ఇంగ్లీషు అర్థమైందని కాదు. సింహాసనం పోయిన మనిషి దుఃఖం అర్థమైంది. వేదిక నిర్వహణ నాది. ఆయన మాట సగంలో ఉండగానే సంఘం అధ్యక్షుడైన మా తోడల్లుడు శాలువా, జ్ఞాపిక పట్టుకుని పరుగున వచ్చాడు.

"అన్నయ్యా, చీఫ్ గెస్ట్‌కి ఫ్లైట్ టైమ్ అయిపోతోంది. ఇప్పుడే ఫెలిసిటేట్ చేసేద్దాం, రెండు నిమిషాలు!"

"డాడీ, నో! అంకుల్‌ని ఫినిష్ చెయ్యనీ" అంది మా అమ్మాయి నా చొక్కా లాగుతూ.

ఆగితే ఏమవుతుంది, మళ్లీ అందుకుంటాడు అనుకున్నాను. సరేనని తల ఊపాను.

వాళ్లు వేదిక ఎక్కారు. మైకులో పొగడ్తలు, ఫొటోలు, కిరీటం మీదుగా జారిన శాలువా. ఆయన మర్యాదగా చేతులు జోడించాడు. అందరూ దిగిపోయాక మాట అందుకోబోయాడు. రాలేదు. వెనక్కి వెళ్లి మొదటి నుంచి ఎత్తుకున్నాడు. అదే చోట ఆగిపోయాడు. జనం అయిపోయిందనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన తల వంచాడు, ముగించిన నటుడిలాగే.

కారులో ఇంటికి తీసుకొస్తుంటే తానే చెప్పాడు. కొన్నాళ్లుగా జ్ఞాపకం పలచబడుతోందట. ఒక మాట ఊపు మీద ఇంకో మాట వస్తుంది గాని, మధ్యలో ఆగితే తర్వాతి మాట దొరకదట. వెనుక సీట్లో మా అమ్మాయి వెక్కివెక్కి ఏడుస్తుంటే, రాజు వేషం కట్టాను కదా, చాలమ్మా అని ఆయనే దాన్ని ఓదార్చాడు. ఆ మాటను సాకుగా పట్టుకుని నన్ను నేను క్షమించుకోవడం నాకు చేతకాలేదు. ప్రతి ఆచారాన్నీ ఎందుకని నిలదీసినవాణ్ణి, ఆయన షరతును మాత్రం ఎందుకని అడగలేదు. ఎగతాళి చేయడమే హేతువాదమనుకున్నాను.

ఆ పక్కింట్లో ఇప్పుడు వేరే కుటుంబం ఉంటోంది. మా సభలు పెద్ద హాళ్లకు మారాయి, వేదిక వెనుక నిలువెత్తు ఎల్‌ఈడీ తెరలు వెలుగుతున్నాయి. విమానం అందుకోవాల్సిన అతిథి మాత్రం అలాగే ఉన్నాడు, మడత విప్పిన శాలువా అలాగే ఉంది. ఈసారి మీ సభలో అది మధ్యలో వేదిక వైపు కదిలితే చప్పట్లు కొట్టకండి. లేచి అడ్డంగా నిలబడండి. అతిథిని కూర్చోబెట్టండి, లేదా విమానానికి పంపించండి. ఆ మనిషి మాట మాత్రం పూర్తి కానివ్వండి.