వారాసిగూడ సూదిమందు

"ముట్టుకోకు!" అని నా రూమ్మేటు అరిచినప్పుడు నాకు ముందు కోపం వచ్చింది. భయం తర్వాత వేసింది. ఒళ్లు కాలుతోందేమో చూద్దామని చెయ్యి వేసిన పాపానికి పాము కరిచినట్టు ముడుచుకుపోయింది మరి.

అరవైల చివరి రోజులవి. మేమిద్దరం తార్నాక పక్కన యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో ఉండి ఎం.ఏ. చదివేవాళ్లం. నాది కడప జిల్లా, తనది జనగామ దగ్గర ఒక పల్లె. తండ్రి లేడు, తల్లే సేద్యం చేసి చదివిస్తోంది. క్యాంపస్‌లో అప్పటికే ప్రాంతాల గొడవ రాజుకుంది. బయట మా రెండు వైపుల వాళ్లూ మొహాలు చూసుకోవడం మానేసినా మా గదిలో మాత్రం నా గోంగూర పచ్చడి తను, తన సకినాలు నేను, పోటీలుపడి ఖాళీ చేసేవాళ్లం.

కొన్నాళ్లుగా తను ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునే పడుకుంటోంది. గదిలో ఏదో ఆముదం వాసన. ఆ రోజు ఇక ఊరుకోలేక దుప్పటి లాగేశాను. గుండీలు విప్పిన రవిక కింద, రెండు రొమ్ముల మీదా, వెచ్చచేసిన ఆముదపాకులు కట్టుకుని ఉంది. ఆకుల చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయి మెరుస్తోంది.

"ఏమైందే నీకు? చెప్తావా, వార్డెన్‌ను పిలవాల్నా?"

"వార్డెన్ వద్దు, నీ కాళ్లు మొక్కుత. గడ్డలు లేచినయి, గంతే."

"రెండు పక్కలా ఒకేసారి లేస్తాయా గడ్డలు? ఎవరికి చెప్తాండావు నువ్వు?"

అప్పుడు ఏడుస్తూ చెప్పింది. వారాసిగూడలో మేడమీద గదిలో ఒకాయన బొంబాయి డాక్టరునని బోర్డు పెట్టుకున్నాడట. ఎదలు నిండుగా రావడానికి సూదిమందు వేస్తానని వారపత్రికలో ప్రకటన ఇచ్చాడట. ఇది వెళ్లి వేయించుకుంది. నూనెలాగా చిక్కటి మందు. మొదట్లో బాగానే ఉన్నట్టనిపించి మళ్లీ వెళ్లింది. తర్వాత లోపల గట్టిపడి నొప్పి మొదలైంది. అడుగుదామని పోతే గదికి తాళం, బోర్డు కూడా లేదు.

నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టడం నాకు పుట్టుకతో అబ్బిన విద్య. "ఎం.ఏ. చదివేదానివి, నీ బుద్ధి గడ్డి తినిందా?" అన్నాను. అంతా విని చిన్నగా అంది:

"అద్దంల చూస్కుంటే నాకే మంచిగ అనిపియ్యకపోతుండె. ఇగ ఏం జేస్త?"

ఎవరి అద్దం బాధ వాళ్లది.

తన అసలు భయం అదీ కాదు. వాళ్ల చిన్నమ్మకు రొమ్ములో గడ్డ లేచిందట. పట్నం తెచ్చి మొత్తం కోసి తీసేసినా దక్కలేదట. "నాకు గూడ గదే అయితది. కోస్తరు, ఆఖరికి చస్త," అంది. మామూలుగా రేపు లైబ్రరీకి పోతా అన్నట్టే అంది.

తార్నాకలో ఒక లేడీ డాక్టరు ఉండేది. కానీ కాన్పులు చేసే డాక్టరు గుమ్మం పెళ్లికాని పిల్లలు ఎక్కితే, ఆ కబురు వాళ్లకంటే ముందే హాస్టలు చేరుతుంది. వెంట పెళ్లయిన ఆడది ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు. అందుకని గాజుల దుకాణంలో నల్లపూసలు, మెట్టెలు కొని పెట్టుకుని నేను దాని వదిననయ్యాను. మెట్టెలు నొక్కేస్తుంటే కుంటుకుంటూ నడిచాను. అంతకంటే అచ్చమైన వదిన ఉండదనుకున్నాను.

డాక్టరమ్మ పెద్దావిడ. తెర వెనక దాన్ని పరీక్ష చేసి బయటికి వచ్చి చేతులు కడుక్కుంది. నా వైపు చూడకుండానే అడిగింది.

"బిడ్డ ఎక్కడ?"

"ఏ బిడ్డమ్మా?"

"పాలు గడ్డకట్టి చీము పట్టింది. కని ఎన్నాళ్లయింది? ఎవరికిచ్చారు? ఇలా ఆడపడుచుల్ని గుట్టుగా తీసుకొచ్చే వదినల్ని నేను చాలామందిని చూశాను."

పరువు కాపాడుకుందామని వేసిన వేషం ఉన్న పరువు కూడా తీసింది. నా నోరు ఆగలేదు. "ఏంటికమ్మా అట్ల మాట్లాడతారు? దానికి పెండ్లే కాలేదు!"

"అందుకే అడుగుతున్నాను. మీదేవూరు?"

"కడప..." అనేశాను.

"ఆ పిల్ల జనగామ అంది. బయట మీవాళ్లు రాళ్లు రువ్వుకుంటుంటే మీరు వియ్యమందారా? సంతోషం."

తెర వెనక నుంచి దాని గొంతు వచ్చింది. "బిడ్డ లేదు గిడ్డ లేదు మేడమ్. ఆమె వదిన గాదు, నా దోస్తు. నేనే సూదులు ఏయించుకున్న, మంచిగ కనవడాల్నని."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. తిట్టదేమని నేనే ఆశ్చర్యపోయాను. నూనెలో మైనం కలిపి ఎక్కిస్తారనీ, అది ఒంట్లో కరగదనీ, చదువుకునే రోజుల్లో ఇలాంటిది ఒకటి చూశాననీ చెప్పింది. "పాల గడ్డ అనుకుని దానికే మందు ఇచ్చి పంపేదాన్ని. నిజం చెప్పి బతికావు," అంది. ఆ మాట వినగానే మెట్టెలు తీసి సంచిలో పడేశాను.

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయాలన్నారు. గడ్డలో ముక్క పరీక్షకు పంపితే గానీ క్యాన్సరో కాదో తెలియదన్నారు. ఇంటివాళ్లు రావాలన్నారు. "అమ్మకు గడ్డ అనే చెప్పు, సూదుల ముచ్చట చెప్పకు," అని నాతో ఒట్టు వేయించుకుంది.

వాళ్లమ్మ మౌలాలి స్టేషన్లో దిగింది. "గడ్డనా?" అని అడిగింది. "గడ్డే," అన్నాను. గుట్టమీది దర్గా వైపు తిరిగి ఒక దండం పెట్టి మూట నెత్తిన పెట్టుకుంది.

ఆపరేషన్ అయింది. రిపోర్టు వచ్చేదాకా ఆమె వార్డులోనే ఉంది. మంచం కింద ఊడ్చేది, కూతురికి జావ తాగించేది, పక్క మంచాల వాళ్లకు నీళ్లు అందించేది. కంట తడి లేదు. చెల్లెలు పోయిన జబ్బు కూతురికి వచ్చిందేమోనని తెలిసి కూడా ఇంత నిబ్బరమా, ఈమెది రాతి గుండె అనుకున్నాను. నేనైతే వరండాలోకి పోయి రోజూ ముక్కు చీదుకుంటూనే ఉన్నాను.

చివరికి సర్జన్‌గారు వచ్చారు. "అదృష్టవంతురాలివమ్మా. క్యాన్సర్ కాదు. రెండు రొమ్ములూ తీసెయ్యకుండా నిలబెట్టగలిగాం. లోపల మందు కొంత మిగిలే ఉంటుంది, అప్పుడప్పుడు వచ్చి చూపించుకోవాలి. ఇంకెప్పుడూ అలాంటి ఇంజెక్షన్ల జోలికి పోకు," అని వెళ్లిపోయారు.

నా ప్రాణం లేచివచ్చింది. కానీ దాని మొహం పాలిపోయింది. తల్లి అన్నీ విన్నది.

"ఏం ఇంజెక్షన్లు?"

అది పైకప్పు చూస్తూ మొత్తం చెప్పింది. తల్లి చెయ్యి లేచింది. కొడుతుందనుకుని నేను అడ్డం వెళ్లాను. ఆ చెయ్యి పోయి కూతురి నుదుటి మీద ఆగింది.

"నేను గూడ గిట్లనే ఉంటి గదనే," అంది. "నిన్ను సాదలేదా?"

ఆ తర్వాత మంచం పక్కన నేలమీద కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వార్డంతా దద్దరిల్లేలా ఏడ్చింది. నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఏమైందమ్మా? డాక్టర్ సాబ్ మంచి మాటనే చెప్పిండు గద!"

"మంచి మాటనే బిడ్డా, గందుకనే ఏడుస్తున్న. ముందుగాల ఏడిస్తే పిల్లకు కీడు తగుల్తదని ఇన్ని దినాలు బిగవట్టుకొని ఉన్న. ఇగ నన్ను ఆపకుండ్రి."

ఎవరూ ఆపలేదు. నా స్నేహితురాలు కుట్లు నొప్పెడుతున్నా వంగి తల్లి జుట్టు నిమిరింది. నేను ఆమె పక్కనే నేలమీద చతికిలబడి కడుపునిండా ఏడ్చాను.