గోరింక కోపం

మా కాలేజీలో పక్షుల మీద పరిశోధన చేసే సీనియర్ అక్క, పట్టుకున్న ప్రతి గోరింకనూ వదిలేటప్పుడు ఒకే మాట చెప్పేది: "జర కోపం పెట్టుకోకు, బిడ్డా."

పక్షిని పట్టుకున్న కొద్ది నిమిషాల్లోనే దాని రక్తంలో బెదురు తాలూకు హార్మోన్ పెరిగిపోతుంది. అంతకుముందే చుక్క రక్తం తీయాలి. వల, సూది, దూది, టైమర్ సర్దిపెట్టడం నా పని.

కాలికి ఎర్ర రింగు వేసిన ఒక గోరింక నుంచి రెండోసారి రక్తం తీస్తే అక్క థీసిస్ పూర్తవుతుంది. అదేమో ఆమె కాలేజీ గేటు దాటగానే అరిచి, మిగతా వాటిని కూడా లేపుకుపోయేది. అది గుర్తుపట్టకుండా ఒకరోజు అక్క నా చొక్కా, హెల్మెట్ వేసుకుని వచ్చింది. గోరింక వల దాకా నడిచింది. "రా బిడ్డా," అని అక్క గొణిగింది. అంతే, ఎగిరిపోయింది.

"జరసేపు సప్పుడు చెయ్యకుండ ఉండరాదా అక్కా?"

"నా గొంతు యాది పెట్టుకున్నది తమ్మీ!" అని ఆమె మురిసిపోయింది. "రేపు నువ్వే పట్టు. నీ మీద దానికేం కోపం లేదు."

మర్నాడు నేనే పట్టాను. అక్క చున్నీ నోట్లో కుక్కుకుని రక్తం తీసింది. టైమర్ మోగకముందే పని అయిపోయింది. వదిలే ముందు మాత్రం చున్నీ తీసి, ఆ మాట చెప్పనే చెప్పింది.

అక్క ఇప్పుడు డాక్టరేట్‌తో ఆదిలాబాద్ అడవుల్లో ఉంది. నేను ఇంకా ఆ గేటులోంచే వెళ్తున్నాను. ఎర్ర రింగు గోరింక తీగ మీంచి నన్ను తిడుతుంది. "జర కోపం పెట్టుకోకు, బిడ్డా," అంటాను. ఇంకా గట్టిగా తిడుతుంది.