విప్పి చూసిన తూటాలు

నా చిన్నప్పుడు, పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు అప్పుడప్పుడే లేస్తున్న రోజుల్లో, మా ఇంటి వెనక వసారా అంటే పిల్లలందరికీ హడల్. అక్కడ టేకు బల్లకు మా తాత ఒక చేతి మిషను బిగించుకున్నాడు. పేల్చేసిన తూటాల ఇత్తడి గుల్లలు శుభ్రం చేసి, మళ్ళీ మందూ సీసపు గుండ్లూ నింపి, ఆ మిషను పిడి నొక్కి మూత బిగించేవాడు. మా కంది ఊరికి అవతలే మాకు జొన్నచేను ఉండేది. అడవిపందులు దిగాయంటే తెల్లారేసరికి చేను దున్నినట్టే ఉండేది. కొత్త తూటాలకు పట్నం పోవాలి, లైసెన్సు ఉన్నా అడిగినన్ని ఇవ్వరు. అందుకే ఆ మిషను.

దాని ముందు కూర్చున్నంతసేపూ తాత నోరు విప్పడు. ఎవరైనా పలకరిస్తే మాత్రం విప్పేవాడు. ఆ తిట్లు నేనిక్కడ రాయలేను.

ఒక సాయంత్రం పని మధ్యలో ఉండగా, మా చిన్నాయనకు పిల్లనిస్తున్న వియ్యంకుడు ఊడిపడ్డాడు. "ఏం బావా, బాగున్నవా?" అంటూ నేరుగా వసారాలోకే వచ్చేశాడు. కాబోయే వియ్యంకుణ్ణి తిట్టగలరా ఎవరైనా! తాత చేతిలోది కింద పెట్టి, లేచి, కాళ్ళకు నీళ్ళిప్పించి, చాయ్ తాగించాడు. తర్వాత వచ్చి మిగిలిన పని ముగించాడు. చిన్నాయన తూటాలు సంచిలో వేసుకుని, తుపాకి భుజాన తగిలించుకుని చేనుకు వెళ్ళిపోయాడు.

పొద్దుగూకే వేళ వియ్యంకులిద్దరికీ వడ్డించారు. తాత ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేశాడు.

"బావా, నువ్వు పిలిచినప్పుడు నా చేతిల ఉన్న గుల్లల మందు పోసిన్నో లేదో యాదికొస్తలేదు. వచ్చినంక మళ్ల పోసిన్నేమో."

ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. మందు రెండింతలు పడితే తుపాకి చిన్నాయన చేతుల్లోనే పగులుతుందని నాకు కూడా తెలుసు.

వియ్యంకుడు విస్తరి ముందు ఉండగా ఇంటి పెద్ద లేచిపోవడమంటే మా వైపు చిన్న మాట కాదు. సంబంధాలే చెడతాయి. తాత ఎంగిలి చేత్తోనే లేచి, చెప్పులు కూడా మరిచి, చేను దారి పట్టి పరుగెత్తాడు. వెనక నేను. నా వెనక పంచె ఎగ్గట్టుకుని వియ్యంకుడు!

మేం గట్టు ఎక్కేసరికి మంచె మీద చిన్నాయన తుపాకి ఎత్తి గురిచూస్తున్నాడు. జొన్నలో పందులు గుర్రుగుర్రుమంటున్నాయి.

"కాల్చకురా! నీ కాళ్లు మొక్కుత, కాల్చకు!"

కన్నకొడుకుతో ఎవరైనా అనే మాటేనా అది? చిన్నాయన బిత్తరపోయి తుపాకి దించాడు. తాత గట్టు మీదే కూలబడి బావురుమన్నాడు. నాకైతే పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అరుపులకు చెదిరిన పందులు మాత్రం, మేం ఇంటికొచ్చాక తీరిగ్గా తిరిగొచ్చి, విందు భోజనం చేసి పోయాయి.

మర్నాడు తాత వసారాలో కూర్చుని తూటాలన్నీ ఒక్కొక్కటే విప్పి చూశాడు. ఒక్కదానిలోనూ తేడా లేదు. చిన్నాయనకు ఒళ్ళు మండింది.

"ఉత్తపుణ్యానికి సగం చేను పందుల పాల్జేసినవ్ గదనే నాయినా! అన్నీ మంచిగనే ఉన్నయి!"

"మంచిగున్నయా? ఇంకేం గావాలెరా నాకు!" అని తాత పకపకా నవ్వాడు. అంత రభస చేసినందుకు తలెత్తుకోలేడని నేననుకున్నాను. ఆయనేమో పండగ వచ్చినట్టు సంబరపడిపోయాడు. రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయిన వియ్యంకుడు అంతా చూసి, "ఇగ నా బిడ్డ గురించి నాకు రంది లేదు బావా," అన్నాడు.

పెళ్ళిలో మా చిన్నాయన మూడు ముళ్ళు వేస్తుంటే అందరూ పెళ్ళికూతుర్ని చూశారు. మా తాత కొడుకు చేతి వేళ్ళనే చూస్తూ కూర్చున్నాడు.

నాకిప్పుడు మనవరాలుంది. సంగారెడ్డి బస్సెక్కి కూర్చున్నాక గ్యాసు కట్టేశానా లేదా అని అనుమానం వస్తే, కండక్టరు ఏమనుకుంటే నాకేం, దిగి ఇంటికి పోతాను. "కట్టేసే ఉంది గదా నానమ్మా, ఉత్తగనే తిప్పినవ్," అని ఆ పిల్ల ఆ పూటంతా విసుక్కుంటుంది. విసుక్కోనీ. విసుక్కోవడానికి అందరం నిక్షేపంగా ఉన్నాం కదా అనుకుంటాను.