జహీరాబాదులో నా మొదటి అవధానం

మా ఆయన ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి జహీరాబాదు వచ్చి పద్దెనిమిదేళ్లయింది. నేను బడిలో తెలుగు చెబుతాను. అన్నేళ్లూ వచన కవితలే రాసిన నాకు, యాభయ్యో ఏట ఛందస్సు మీద మనసు పడింది. ఒక గురువుగారి దగ్గర ఫోనులోనే రెండేళ్లు నేర్చుకున్నాక, “ఇక అష్టావధానం చెయ్యమ్మా” అన్నారాయన. ఎనిమిది మంది అడిగినవాటికి అప్పటికప్పుడు జవాబులు చెప్పాలి, పద్యాలు అల్లాలి. చివర్లో కాగితం చూడకుండా ఆ పద్యాలన్నీ అప్పజెప్పాలి.

ఈ రోజుల్లో పద్యం వినడానికి ఎవరొస్తారని వారం రోజులు బెంగపడ్డాను. ఆదివారం పొద్దున ఫంక్షన్ హాలు సగం పైగా నిండింది. కానీ పొంతనలేని ప్రశ్నలతో నా ధ్యాస చెడగొట్టాల్సిన లెక్చరరు జ్వరమని రాలేదు. ఆయన బదులు ఎవరైనా కూర్చుంటారా అని సభలో అడిగారు. ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో వచ్చిన ఒక పెద్ద రైతు లేచాడు. వయసులో ఉండగా యక్షగానాల్లో వేషం కట్టి పద్యాలు పాడేవాడట.

“అడ్డం మాట్లాడుడే గదా? నేను గూసుంట,” అన్నాడు.

రెండు గంటలు బాగానే గడిచాయి. చివర్లో పద్యాలు అప్పజెబుతుంటే, వాన మీద చెప్పిన ఉత్పలమాలలో మూడో పాదం ఎగిరిపోయింది. ఎంత తడుముకున్నా రాలేదు.

పద్యాలు అప్పజెప్పేటప్పుడు ఎవరూ అడ్డురాకూడదు. ఆ సంగతి రైతుకు తెలియదు.

“టీచరమ్మా, జొన్నచేన్ల పిట్టలు వడి గింజలన్ని తింటున్నయ్. మీ పద్యం జదివితే పోతయా?”

“పద్యం దాకా ఎందుకు పెద్దాయనా, నేను రాగం తీస్తే చాలు!”

అందరూ గొల్లుమన్నారు. నాకూ నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోనే పట్టు సడలి, పోయిన పాదం మొదటి అక్షరంతో సహా నోటికొచ్చేసింది. నాలుగో పాదం చప్పట్లలో ఎవరికీ వినబడలేదు.

భోజనాల దగ్గర ఆయన నా పక్కకొచ్చి, “నేను అడ్డం మాట్లాడితె ఆగిపోతరనుకున్న. ఇంకింత జోరుగ జెప్పిన్రు గదా!” అన్నాడు.

ఎలా కాపాడాడో ఆయనకు చెప్పాను. నమ్మలేదు. వారం నుంచి ముద్ద దిగని నేను, పప్పు రెండోసారి వేయించుకుని తిన్నాను.