మూతి ఎత్తిన పికప్

2018 జూలైలో నేను విశాఖపట్నంలో మోటారు వాహనాల తనిఖీ అధికారిగా ఉన్నాను. జనం ఈ ఉద్యోగాన్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. లైసెన్సు పరీక్షలు, పర్మిట్లు, ప్రమాదాల నివేదికలు కూడా మా పనే కాబట్టి ఆ పేరు సరైనది కాదని ఎప్పుడూ అనుకునేదాన్ని. ఈ ఒక్క వ్యవహారంలో మాత్రం ఆ పేరే సరిపోయింది.

ఆ నెల నాకు ఫిట్‌నెస్ డ్యూటీ. సరుకు రవాణా బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని గడువు ప్రకారం ధ్రువీకరించాలి. ఆ పత్రాన్ని ఎఫ్.సి. అంటారు. బండిని గ్రౌండులో నడిపించి బ్రేకు చూస్తాం, స్టీరింగు చూస్తాం, హెడ్‌లైటు వెలుగు గోడ మీద ఎక్కడ పడుతుందో కొలుస్తాం. అన్నీ సరిగా ఉంటే సంతకం. లేకపోతే కారణం రాసి వెనక్కి పంపిస్తాం.

జూలై 5, గురువారం, పదకొండో బండిగా ఒక తెల్ల పికప్ వచ్చింది. యజమాని, డ్రైవరు ఒకరే. పేరు నూకరాజు, వయసు నలభై రెండు. రుషికొండ దాటాక సముద్రం వైపున్న ఒక పేటవాడు. తెల్లవారుజామున ఒడ్డుకు వచ్చిన చేపను ఐసు పెట్టెల్లో వేసుకుని ఒక పెద్ద హోటలుకు, అక్కడి నుంచి ఆనందపురం సంతకు చేరవేస్తాడు. వేట నిషేధం రెండు నెలలూ బండి ఖాళీగా ఉండి, జూన్ మధ్యలోనే మళ్ళీ పని మొదలైంది. ఎఫ్.సి. గడువు జూలై 31. అది దాటితే హోటలు వాళ్ళు బండిని గేటు లోపలికి రానివ్వరు, ఆ పని మరొకరికి పోతుంది. ఈ సంగతులన్నీ నేను అడగకుండానే చెప్పాడు. అసలు చెప్పవలసింది మాత్రం చెప్పలేదు.

బండి మూతి ఆకాశం చూస్తోంది. ముందు చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచాను. 455 మిల్లీమీటర్లు ఉండవలసింది 506 ఉంది. అంటే రెండు అంగుళాలు. కింద వంగి చూస్తే, రెండు ముందు స్ప్రింగుల మీదా గాజువాకలో లేతు మీద తిప్పించిన ఇనుప దిమ్మలు కూర్చోబెట్టి ఉన్నాయి. పని శుభ్రంగా చేశారు, అది ఒప్పుకోవాలి. కానీ హెడ్‌లైటు వెలుగు ఎనిమిది మీటర్ల దూరంలోని గోడ మీద ఇరవై సెంటీమీటర్లు పైన పడుతోంది. ఎదురుగా వచ్చేవాడి కళ్ళలోకి. పైగా కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చకూడదని చట్టంలో 52వ సెక్షను చెబుతుంది. తిరస్కరించాను.

"మూతి పైకుంటే బండికి అందం కదా మేడమ్," అన్నాడు.

అందానికి ఫారంలో గడి లేదని చెప్పాను.

జూలై 12న మళ్ళీ వచ్చాడు. దిమ్మలు తీయించాడు. వాటి బదులు ఏదో పెద్ద వ్యాను స్ప్రింగులు కోసి బిగించాడు. అదనపు ఎత్తు 51 నుంచి 38 మిల్లీమీటర్లకు దిగింది. హెడ్‌లైటు మర కిందికి తిప్పించి, వెలుగు సరిగ్గా గోడ మీద గీతకు పడేలా చేశాడు. నేను స్వయంగా పక్క సీట్లో కూర్చుని నలభై వేగంలో బ్రేకు వేయమన్నాను. స్ప్రింగులు మరీ గట్టివి కావడంతో ముందు చక్రాలు నేలను పట్టుకోకుండా గెంతాయి, బండి ఎడమకు లాగింది, సీటు వెనక ఉన్న స్టీలు క్యారేజీ వచ్చి నా ఒళ్ళో పడింది. అందులో చింతపండు వేసిన రొయ్యల కూర ఉన్నట్టు వెంటనే తెలిసింది. మళ్ళీ తిరస్కరించాను. కారణాల్లో కూర రాయలేదు.

జూలై 19న బండి లేకుండా ఒక్కడే వచ్చి నా గది ముందు గంటన్నర నిలబడ్డాడు. అప్పటికి రెండు గురువారాలు పోయాయి, గడువుకు పన్నెండు రోజులు మిగిలాయి. ఎత్తు ఎంతో రెండుసార్లు కొలిచానే గాని, అసలు ఎందుకు ఎత్తావని అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. అడిగాను.

"నా బండి మా బావకి దండం పెడతన్నాది మేడమ్," అన్నాడు.

బావ పేరు ఎల్లాజీ. నూకరాజు అక్క పైడమ్మ భర్త. పదకొండు నెలల కిందట ఒక పెళ్ళి పందిట్లో ఎల్లాజీ వచ్చినప్పుడు నూకరాజు కుర్చీలోంచి లేవలేదు. నిద్రపోతున్నానని ఇతని వాదన. నిద్ర నటించాడని అతని వాదన. అప్పటి నుంచి మాటల్లేవు. పేటలోంచి సిటీ వైపు వెళ్ళే దారి ఎల్లాజీ ఇంటి ముందు మలుపు తిరుగుతుంది. అక్కడ స్పీడ్ బ్రేకరు ఉంది.

"ఆడు అరుగు మీద కుర్చీ ఏసుకుని కూకుంటాడు. నాను బ్రేకు ఏత్తాను. బండి మూతి కిందకి దిగుద్ది. ఆడు సెయ్యెత్తి, సల్లగుండు బామ్మర్దీ అంటాడు. పొద్దున్నోపాలి, సాయంత్రమోపాలి. నువ్వు లెగకపోతే ఏటి, నీ బండి వొంగతన్నాది కదా అని పేటంతా సెప్పుకుంటన్నాడు. ఊరందరూ నవ్వుతన్నారు మేడమ్."

బ్రేకు వేయకుండా నెమ్మదిగా వెళ్ళమన్నాను. అది ఇంకా అన్యాయమట. బావ ఇంటి ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచినట్టు ఉంటుందట.

ఇక్కడ నేను ఒక పొరపాటు చేశాను. నిజానికి అది పొరపాటు కాదు, ఖచ్చితంగా ఉండే అలవాటు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు పోతుందని, ఏ బండి అయినా వంగి తీరుతుందని, అది మర్యాద కాదు, బరువేనని కాగితం మీద బొమ్మ వేసి చూపించాను. అంతా విని అతను ఒకే ప్రశ్న వేశాడు.

"ఎనక్కి ఎల్తా బ్రేకేస్తే?"

వెనక భాగం దిగి ముందు భాగం లేస్తుందని చెప్పాను. అడిగినదానికి సరైన జవాబు అదే. నూకరాజు ఆ కాగితం ఇమ్మని అడిగి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

జూలై 24, మంగళవారం, మా పై అధికారికి ఒక ఫిర్యాదు అందింది. అర్జీ రాసేవాడి చేత రాయించినది. సదరు పికప్ రోజూ ఉదయం 5.40కి, సాయంత్రం 4.15కి ఫిర్యాదుదారుడి ఇంటి ముందు సుమారు అరవై మీటర్లు వెనక్కి నడుస్తూ, తన వెనక భాగాన్ని ఫిర్యాదుదారుడికి చూపుతూ, స్పీడ్ బ్రేకరు వద్ద ఆగి మూతి ఎగరేస్తున్నదని, అడిగితే బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారే ఈ విధంగా నడపమన్నారని ఒక బొమ్మ చూపిస్తున్నారని అందులో ఉంది. సంతకం, ఎల్లాజీ. పై అధికారి అంచున ఎర్ర సిరాతో "వివరణ" అని రాసి నాకు పంపించారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నా పేరు మీద ఎర్ర సిరా పడటం అదే మొదలు.

మాటలతో వివరణ రాయడం నాకు ఇష్టం లేదు. ప్రతి బండీ వంగుతుందని అంకెలతో చూపించాలి, అదీ అక్కడే, ఆ స్పీడ్ బ్రేకరు మీదే. జూలై 26, గురువారం ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు శాఖ జీపులో పేటకు చేరాను. జీపు డ్రైవరు అప్పారావు జాగ్రత్త గల మనిషి. మలుపు దగ్గర స్పీడ్ బ్రేకరు చూసి బ్రేకు వేశాడు. జీపు ముందుకు వంగింది. అరుగు మీద, తెల్ల బనియనుతో కూర్చున్న అరవై ఏళ్ళ మనిషి కుడిచెయ్యి ఎత్తాడు.

"సల్లగుండమ్మా," అన్నాడు.

అతనే ఎల్లాజీ. దిగి, పేరు, హోదా చెప్పి, వచ్చిన పని చెప్పాను. ముందు స్పీడ్ బ్రేకరు కొలిచాను. ఎత్తు పది సెంటీమీటర్లు, నిబంధన ప్రకారమే ఉంది. అందులో తప్పు దొరికితే వ్యవహారం సులువుగా తేలేది. దొరకలేదు.

ఎందుకిలా చేస్తున్నారని ఎల్లాజీని అడిగాను.

"నానేటి సేసినానమ్మా? నా అరుగు మీద నాను కూకున్నాను. నాకు వొంగమని ఏ బండికీ సెప్పలేదు. వొంగినోలని దీవించకపోతే బాగుంటదా? పెద్దోన్ని కదా."

పైడమ్మ లోపలి నుంచి నాకు మంచినీళ్ళు తెచ్చి, "ఇన్నాళ్ళూ ఆలిద్దరి నడాన నానొక్కద్దాన్నే నలిగినాను మేడమ్. ఇప్పుడు పికప్పు కూడా తోడొచ్చినాది," అంది.

పరీక్ష ఇలా చేశాను. జీపు బంపరు మూలకు ఒక సుద్దముక్క గట్టిగా కట్టించాను. స్పీడ్ బ్రేకరు పక్కన చేపలు ఎండబెట్టే నల్లటి పలక ఒకటి నిలబెట్టించాను. దాన్ని పైడమ్మ పట్టుకుంది. బ్రేకు వేసినప్పుడు బంపరు ఎంత దిగితే పలక మీద గీత అంత కిందికి పడుతుంది. ముప్ఫై, ఇరవై, పది కిలోమీటర్ల వేగాలు. ఒక్కొక్క సారే చూస్తే పొరపాటుకు వీలుంటుంది కాబట్టి ఒక్కో వేగానికి మూడుసార్లు. మొత్తం తొమ్మిది.

మొదటిసారి జీపు వంగగానే ఎల్లాజీ చెయ్యెత్తి దీవించాడు. అలా చేయవద్దని చెప్పాను. మూడోసారికి పేటలో సగం మంది గోడల మీద చేరారు. నాలుగోసారి నుంచి వాళ్ళు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆరోసారి అప్పారావు కిటికీలోంచి తల బయటపెట్టి, "మేడమ్, ఇంకెన్నిపాల్లు? నా మెడ కూడా వొంగిపోతన్నాది," అన్నాడు. ఇంకా మూడు అన్నాను. మధ్యలో ఆపితే సగటు రాదు. ఎల్లాజీ చెయ్యి నొప్పెట్టి, ఏడోసారి ఎడమచేత్తో దీవించాడు. పైడమ్మ నవ్వు ఆపుకోలేక పలక కదిలించింది. ఆ గీతను కొట్టేసి మళ్ళీ చేయించవలసి వచ్చేదే కానీ, కదిలింది గీత పడ్డాక అని నిర్ధారించుకుని ఉంచాను.

ఫలితాలు: ముప్ఫై వేగంలో సగటున 64 మిల్లీమీటర్లు, ఇరవైలో 47, పదిలో 23. ప్రతిసారీ వంగింది. నా వాదన అంకెలతో రుజువైంది.

కాగితాలు సర్దుకుంటుండగా ఎదురు గోడ మీంచి నూకరాజు దిగాడు. అతను అక్కడ ఉన్నట్టు అప్పటిదాకా నేను చూడలేదు. నా దగ్గరికి వచ్చాడు. ముఖం చూస్తే మూడు వారాల్లో మొదటిసారి తేటగా ఉంది.

"పది మేడమ్," అన్నాడు.

తొమ్మిది అన్నాను.

"మీరొచ్చినప్పుడొకటి."

అది పరీక్షలోది కాదు, రాకలోదని చెప్పాను. నా నివేదికలో తొమ్మిది అనే ఉంది. పేటలో ఇప్పటికీ పది అనే చెప్పుకుంటారని తర్వాత విన్నాను. రెండూ సరైనవే.

అతను వెళ్ళి అరుగు అంచున కూర్చుని, పదకొండు నెలల తర్వాత మొదటిసారి బావతో మాట్లాడాడు. "ఏటి బావా, గవర్నమెంటు జీపే ఒక్క పూటలో పదిమార్లు వొంగినాది. నా పికప్పెంత. అదొంగితే ఇంక నాకేటి సిగ్గు."

ఎల్లాజీ నొప్పెట్టిన చెయ్యి నిమురుకున్నాడు. "అదీ నిజమే," అన్నాడు. ఆ తర్వాత, "ఇంక నీ బండిని దీవించనులే. జీపుని దీవించిన సెయ్యి ఇది," అన్నాడు. పైడమ్మ పలకను తిరిగి ఎండలో పెట్టి, ఇద్దరినీ అన్నానికి లోపలికి రమ్మని గదమాయించింది. ఇద్దరూ లేచారు. ఎవరు ముందు లేచారో నేను గమనించాను కానీ, అది నా పరిధిలోనిది కాదు.

జూలై 30, సోమవారం, పికప్ అసలు స్ప్రింగులతో గ్రౌండుకు వచ్చింది. ఎత్తు 455. హెడ్‌లైటు సరిగ్గా ఉంది. నలభై వేగంలో బ్రేకు వేస్తే తిన్నగా ఆగింది, ఆగుతూ బాగా వంగింది. క్యారేజీ ఈసారి తాడుతో కట్టి ఉంది. గడువుకు ఒక రోజు ముందు ఎఫ్.సి. మీద సంతకం చేశాను. నా వివరణకు నాలుగు పేజీల పట్టిక జతచేసి పంపించాను. దాని మీద పై అధికారి "చూశాను" అని రాశారు. నీలం సిరా.

రెండు విషయాలు చెప్పి ముగిస్తాను. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, రూపం మార్చిన బండి ఏది వచ్చినా, టేపు తీసేముందు ఎందుకు మార్చావని అడిగేదాన్ని. ఆ ప్రశ్నకు ఫారంలో గడి లేదు కాబట్టి జవాబు అంచున పెన్సిలుతో రాసుకునేదాన్ని. అలా అడగడం వల్ల రెండో తిరస్కరణ, మూడో తిరస్కరణ చాలావరకు తగ్గాయి. జూలై 5నే అడిగి ఉంటే నూకరాజుకు పద్నాలుగు రోజులు, నాకు ఒక చీర మిగిలేవి.

రెండోది జీపు లాగ్‌బుక్ గురించి. వెళ్ళిన ప్రతి కిలోమీటరుకూ అందులో కారణం రాయాలి. ఆ రోజు పరీక్ష అయ్యాక జీపు స్పీడ్ బ్రేకరుకు అవతలి వైపు ఆగి ఉంది. తిన్నగా సిటీకి రావాలంటే ఎల్లాజీ ఇంటి ముందు నుంచి మరొక్కసారి రావాలి. అతను అన్నానికి లోపలికి వెళ్ళి అప్పటికి పావుగంట అయింది, అరుగు మీద ఖాళీ కుర్చీ మాత్రమే ఉంది. అప్పారావు ఇంజను వేసి నా వైపు చూశాడు. భీమిలి వైపు తిప్పి ఆనందపురం మీదుగా పోనివ్వమన్నాను. ఇరవై రెండు కిలోమీటర్లు అదనం. కారణం గడిలో "రోడ్డు పరిస్థితి" అని రాశాను.