నా చేతి బోణీ

మా బాపు కిరాణా దుకాణం వరంగల్‌లో మట్టెవాడలో ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. దుకాణంలో చక్కెర మాదే అయినా బోణీ కాకముందు ఊరికే తీసుకోకూడదు. పైసలు చేతిలో పడకుండా పొద్దున్నే ఒక్క పలుకు బయటికి పోయినా ఆ రోజంతా అట్లాగే పోతుందని మా వ్యాపారస్తుల నమ్మకం. అందుకని ఛాయ్‌కి చక్కెర కావలసి వస్తే అమ్మ నా చేతిలో ఒక నాణెం పెట్టి, లోపలి తలుపులోంచి కాదు, వీధిలోంచి తిప్పి పంపేది. నేను మెట్ల ముందు గిరాకీలాగా నిలబడి అడిగేదాన్ని. బాపు కూడా నన్నెప్పుడూ చూడనట్టే మొహం పెట్టి, చక్కెర తూచి పొట్లం కట్టేవాడు. నాణెం కళ్లకద్దుకుని, దాన్నే నా నెత్తికి ఒకసారి తాకించి గల్లాలో వేసేవాడు. పలుపుతాడంత జడతో, మొహమైనా కడగని నేను ఆ ఒక్క నిమిషం లక్ష్మీదేవిని.

డెబ్బైల మొదట్లో, నాకు పదేళ్లప్పుడు, ఆ వైభవం కాస్తా ఊడింది. మా ఎదురుగా గాజుల దుకాణం. ఒకరోజు పొద్దున్నే తలుపులు తీస్తుండగానే పోయి, అమ్మకు గాజులు కొన్నాను. మధ్యాహ్నానికి ఆ దుకాణం ఆయన గాజుల అల్మారా ముందుకు ఒరిగి, సగం గాజులు నేలపాలయ్యాయి. దాని కాళ్లకు చెద పట్టి ఏడాదైందని వీధిలో అందరికీ తెలుసు. అయినా ఎవరి బోణీ అని అడిగారు. తర్వాత కొన్నాళ్లకు బట్టల దుకాణంలో నేను జాకెట్టు ముక్క కొన్న రోజునే కుండపోత వాన పడి, కప్పు కారి, తాన్లు తడిసిపోయాయి. వాన మట్టెవాడ అంతా పడింది. నేను జాకెట్టు ముక్క కొన్నది మాత్రం ఒక్క దుకాణంలోనే. కాకి వాలింది, తాటిపండు పడింది, పాపం కాకికి చుట్టుకుంది. ఆ తర్వాత పక్కవీధిలో మేక తప్పిపోయినా, ఆ పొద్దున నేను ఎటు పోయానో కనుక్కునేవాళ్లు.

బజారు మాటలకు నేను ఏడవలేదు. తిరగబడే రకాన్నే, నోరు కూడా చిన్నది కాదు. కానీ ఒకరోజు నాణెం పట్టుకుని మా మెట్ల ముందు నిలబడితే, బాపు తక్కెడ ముట్టుకోలేదు. వీధి ఆ చివర నుంచి ఈ చివరకు చూసి, నా మొహం చూడకుండా అన్నాడు.

"జర ఆగు బిడ్డా. ఎవలన్న రానియ్యి."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. ఎవరో ముసలామె ఉప్పు కొనుక్కుని పోయేదాకా నేను మెట్ల కింద నిలబడ్డాను. ఆ రోజు ఛాయ్ ఆలస్యమైంది. మర్నాటి నుంచి అమ్మ రాత్రే చక్కెర తీసి పెట్టుకోవడం మొదలుపెట్టింది. నాణెం నా నెత్తిని మళ్లీ తాకలేదు.

నా చెయ్యి మంచిది కాదు అన్నది నాతోపాటే పెరిగింది. పెళ్లీడుకు వచ్చాక అది మా ఇంట్లో ఎవరూ పైకి అనని చిక్కు అయింది. వ్యాపారుల ఇళ్లలో కోడలు పొద్దున్నే గల్లాకు దండం పెట్టాలి, దుకాణం మీద చెయ్యి వెయ్యాలి. అక్కడేదైనా తలకిందులైతే బిడ్డ బతుకు ఏమవుతుందని బాపు భయం. హనుమకొండలో, జనగామలో మంచి మంచి దుకాణాల సంబంధాలు వస్తే ఏదో వంక పెట్టి వెనక్కి పంపాడు. మావాళ్లంతా వింతగా చూశారు. దుకాణం ఉన్న పిల్లవాణ్ని వెతకడం మా కులంలో మామూలు, దుకాణం లేని పిల్లవాణ్ని వెతికింది మా బాపు ఒక్కడే. అట్లా దొరికినవాడు మస్కట్‌లో ఒక కంపెనీలో లెక్కలు రాసే గుమాస్తా. చేతి బోణీ మంచిది కాకపోవడం వల్ల సముద్రం దాటిన ఆడదాన్ని బహుశా నేనొక్కదాన్నే.

మస్కట్‌లో మత్రా అనే చోట, కొండ కింద, ఇరుకు సందులో మా గది. గది కిందికి దిగితే ఎదురుగా ఒక చిన్న దుకాణం. కచ్ నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డ ఒక ముసలాయన దాన్ని నడిపేవాడు. బియ్యం, పప్పులు, కూరగాయలు, ఖర్జూరాలు, నల్లగా గట్టిపడ్డ ఎండు నిమ్మకాయలు, అగ్గిపెట్టెలు, కట్టెలకు వేలాడే ప్లాస్టిక్ బిందెలు. మొదటిసారి ఆ గడపలో కాలు పెట్టగానే కందిపప్పు, గోనె, సబ్బు కలిసిన వాసన వచ్చింది. అది ముమ్మాటికీ మా బాపు దుకాణం వాసనే. ఏం కొనడానికి వచ్చానో మరిచిపోయి పప్పు సంచి దగ్గర నిలబడ్డాను.

ఆయనను చాచా అనేదాన్ని, ఆయన నన్ను బేటీ అనేవాడు. మాట్లాడుకోవడానికి మా వరంగల్ ఉర్దూ పనికొచ్చింది. వద్దు అనడానికి నేను "నక్కో" అన్నప్పుడల్లా ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకునేవాడు, లోపల ఉన్న భార్యను పిలిచి మళ్లీ అనిపించేవాడు. నేను తక్కువ తిన్నానా, కూరగాయలు కొన్నప్పుడల్లా కొసరు లేనిదే కదిలేదాన్ని కాదు. ఆ దేశంలో ఎవరూ అడగని కొసరు నేనడిగితే, ఆయన సంబరంగా నాలుగు పచ్చిమిరపకాయలు పైన వేసేవాడు. నేను పప్పు సంచి మూతి మడిచి కట్టిన తీరు చూసి, మీ ఇంట్లో దుకాణం ఉందా అని అడిగాడు. ఉందన్నాను. అంతకు మించి చెప్పలేదు.

చిక్కంతా పొద్దున్నే వచ్చేది. పాల ప్యాకెట్లు తెల్లవారాక దుకాణానికి వచ్చేవి. మాకు ఫ్రిజ్ లేదు, ముందు రోజు కొంటే ఆ ఎండకు విరిగిపోయేవి, డబ్బా పాల వాసన మా ఆయనకు పడదు. నేనేమో దిగి వచ్చి, సందులో గోడ నీడన నిలబడేదాన్ని. ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి కొనేదాకా సందు దాటేదాన్ని కాదు. చాచా కూడా మొదటి నాణెం కళ్లకద్దుకోవడం చూశాను మరి. తెలియనివాడైతే అది వేరు. తెలిసినవాడి దుకాణంలో, నన్ను బిడ్డా అని పిలిచిన మనిషి దుకాణంలో, నా చేత్తో నిప్పు పెట్టనా? ఒక్కోరోజు ఎంతసేపటికీ ఎవరూ వచ్చేవాళ్లు కాదు. మా ఆయన పాలు లేని ఛాయ్ తాగి పనికి పోయేవాడు. నాకు పొద్దున్నే లేవడం చేతకాదనుకున్నాడు. అనుకోనిచ్చాను. తెలిస్తే ఆయన మొహం కూడా మా బాపు మొహంలాగా పక్కకు తిరుగుతుందేమోనని భయం.

కొన్ని రోజులకు చాచా భార్య పొద్దున్నే దుకాణం ముందు పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. మొగుడి మీద కాపలా కాబోలు అనుకుని నాలో నేను నవ్వుకున్నాను. ఒకరోజు ఆమే నన్ను చెయ్యి ఊపి పిలిచింది. నేను కదలకపోతే చాచా తానే సందు దాటి వచ్చాడు. మగవాడు ఒక్కడే ఉన్న దుకాణంలోకి రావడానికి నేను భయపడుతున్నానని అనుకున్నాడట. అందుకే మోకాళ్ల నొప్పులతో ఉన్న ఆమెను రోజూ లేపి తెచ్చి కూర్చోబెడుతున్నాడట. ఇంకా ఎందుకు రావడం లేదు, మా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా అని అడిగాడు.

ఇక దాచలేకపోయాను. గాజులు, వాన, మేక, బాపు, అన్నీ చెప్పేశాను. ఏడుస్తూ చెబితే నా ఉర్దూ ఇంకా అధ్వానం, అయినా ఆయన నవ్వలేదు. అబద్ధం ఎందుకు, ఆయన మొహంలో జంకు కనిపించింది. వెనక్కి తిరిగి తన గల్లా వైపు చూశాడు. సరేనన్నట్టు తలూపి దుకాణంలోకి వెళ్లిపోయాడు. ఈ గడప కూడా మూసుకుపోయిందని అనుకున్నాను.

మర్నాడు నేను దిగేసరికి చాచా షట్టర్ ఇంకా పైకి ఎత్తలేదు. నన్ను చూశాక ఎత్తాడు. అప్పటికే ఒకతను రొట్టె కోసం వచ్చి నిలబడి ఉంటే, అతన్ని చేత్తో ఆపి, నన్ను రమ్మన్నాడు. పాల ప్యాకెట్ నా చేతిలో పెట్టి నాణెం అందుకున్నాడు. ఆయన ఏదో ప్రార్థన గొణుక్కుని నాణెం కళ్లకద్దుకున్నాడు.

ఆ రోజు నేను వంట చేశానో లేదో గుర్తులేదు. కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. ఎవరు వస్తున్నారు, ఎవరు ఒట్టి చేతులతో పోతున్నారు, ఎండకు తడికె ఊడుతుందా, మూట జారుతుందా, ఇదే ధ్యాస. సాయంత్రం చాచా సందులో నిలబడి పైకి చూసి పిలిచాడు. మెట్ల మీదికి పరిగెత్తాను.

"ఇవాళ కూడా రోజూ ఎంత గిరాకీ ఉంటుందో అంతే ఉంది బేటీ," అన్నాడు. "ఎక్కువా లేదు, తక్కువా లేదు. నీది అందరిలాంటి చెయ్యే."

అదృష్టం పొంగిపొర్లిందని చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. ఏమీ జరగలేదన్నాడు కాబట్టి నమ్మాను. ఆ మెట్ల మీదే కూర్చుని కరువుతీరా ఏడ్చాను. మా ఆయన వచ్చాక అంతా చెప్పాను. ఆయన మొహం పక్కకు తిప్పలేదు. ఇన్నాళ్లు తనతో పాలు లేని ఛాయ్ తాగించినందుకు మాత్రం మట్టెవాడను మొత్తంగా ఒక మాట అన్నాడు.

ఎనభైల మధ్యలో ఎండాకాలం సెలవులకు వరంగల్ వచ్చాం. అప్పటికి మా పాపకు నాలుగేళ్లు. మస్కట్‌లో చాచా దుకాణానికి నాకంటే ముందు ఉరికేది, బోణీ అంటే తన హక్కే అనుకునేది. వచ్చిన మర్నాడు పొద్దున్నే బాపు దుకాణం తెరిచి నీళ్లు చల్లి ఊదుబత్తి వెలిగిస్తుంటే, అది నా కొంగులోంచి నాణెం లాక్కుని వీధిలోకి పరిగెత్తింది. నేను వెనకే ఉరికి, మెట్ల కింద దాని రెక్క పట్టుకున్నాను. ఎదురుగా గాజుల ఆయన తన గడపలో నిలబడి చూస్తున్నాడు.

"జర ఆగు బిడ్డా. ఎవలన్న రానియ్యి."

అన్నది నేనే. మస్కట్‌లో వదిలేశాననుకున్న మాట నా నోట్లోంచే, బాపు గొంతుతో వచ్చింది. పాపకు అర్థం కాక నా మొహంలోకి చూసింది.

బాపుకు వినబడింది. బోణీ కాకుండా గద్దె దిగని మనిషి ఊదుబత్తి పక్కన పెట్టి మెట్లు దిగి వచ్చాడు. వీధి అటూ ఇటూ చూడలేదు. ఈసారి నా మొహంలోకే చూశాడు.

"గప్పుడు నేను గా మాట అనకుండ ఉండాల్సింది," అన్నాడు. "పిల్లను ఆపకు. మొదలు నువ్వు రా. నువ్వు చెయ్యి బోణీ."

పైకి ఎక్కాను. ఏం కావాలని అడిగాడు. ఏం కావాలో తోచలేదు, చక్కెర అన్నాను. తూచాడు, పొట్లం కట్టాడు, పాప చేతిలోని నాణెం తీసి ఇస్తే కళ్లకద్దుకున్నాడు. నా నెత్తికి తాకించడానికి చెయ్యి ఎత్తి, నేను పెద్దదాన్నయ్యాననో ఏమో ఒక్క క్షణం తటపటాయించాడు. నేనే తల వంచాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను, పాప దుకాణంలో గోనె సంచుల మీద కూర్చుని బాపుతో ముచ్చట పెడుతున్నాం. గద్దెకు అవతలి మూల ఒక బియ్యం మూట మీద పల్లినూనె డబ్బా ఉంది. మూట మెల్లగా కుంగింది. ఎవరి చెయ్యీ తగల్లేదు, పిల్లి లేదు, ఎలుక లేదు. మేం చూస్తుండగానే డబ్బా ఒరిగి, ఢామ్మని కింద పడింది. నూనె దుకాణమంతా పారి, మెట్ల మీదుగా వీధిలోకి దిగింది.

చప్పుడుకు గాజుల ఆయన ఉరికొచ్చాడు. నూనెను చూశాడు, డబ్బాను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు పోగయ్యారు. పాపను ఒళ్లోకి లాక్కున్నాను.

"ఎట్ల పడ్డది సావుకారీ?" అని అడిగాడు గాజుల ఆయన.

బాపు గద్దె మీద ఉన్నాడు. డబ్బా ఆయనకు నాలుగు బారల దూరంలో పడి ఉంది.

"నా కాలు తాకింది," అన్నాడు. "ఈ నడుమ నాకు చూపు ఆనుతలేదు."

పాప నిజం చెప్పబోయింది, దాని నోటికి నా అరచెయ్యి అడ్డం పెట్టాను. బాపు మోకాలు పట్టుకుని, మూలుగుతూ లేచి, గోనె పట్టాలు తెచ్చి నూనె అద్దసాగాడు. నేను సాయం పోతే వద్దని, పిల్లను చూసుకొమ్మన్నాడు. ఆ సాయంత్రం దుకాణం మూసేదాకా మా బాపు వీధిలో అందరికీ కనిపించేటట్టు కుంటుతూనే నడిచాడు.