నేను ఎయిచ్ అన్నందుకు

ఆ రోజుల్లో మా చోడవరం పక్క పల్లెల్లోకి నీళ్ళింజను ఎలా వచ్చింది, ముందు ఎవరి నూతి మీద పెట్టారు అన్న విషయం మీద ఈమధ్య మా ఊరి పెద్దలు కొందరు కూర్చుని మాట్లాడుకున్నారట. నాకు కబురు లేదు. ఆ ఇంజను హేండిలు ఒళ్ళో పెట్టుకుని నూతిగట్టు మీద కూర్చున్న మనిషిని నేను బతికే ఉన్నాను. వాళ్ళకి రెండు వీధుల అవతలే ఉంటున్నాను. చెవులు కూడా బాగానే పనిచేస్తున్నాయి. అయినా నన్ను పిలవలేదు. ఆనాడు నా మాట వినలేదు, ఈనాడు నా మాట అడగలేదు, మధ్యలో ఉన్న ఇన్నేళ్ళూ నా పేరెత్తి నవ్వుకున్నారు. అందుకని నా పక్షం నేనే రాసుకోవలసి వచ్చింది. చదివేవాళ్ళు నావైపే ఉంటారని నా నమ్మకం. (ఉండకపోతే ఇక్కడితో ఆపెయ్యవచ్చు, నేనేమీ అనుకోను. అనుకుంటాను గాని పైకి చెప్పను.)

యాభైల్లో మాట. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. స్కూల్ ఫైనల్ పాసై చోడవరం బజారులో ఒక ఇంజన్ల షాపులో రాతకోతల గుమాస్తాగా చేరాను. షాపంటే రెండు ఇంజన్లు, గోడకి వేలాడే నాలుగు బెల్టులు, షావుకారుగారికి కుర్చీ, నాకు స్టూలు. ఇంజన్లు బిగించడానికి ఒక మేస్త్రి ఉండేవాడు. మద్రాసులో నాలుగేళ్ళు పనిచేసి వచ్చాడు కనక అందరూ మద్రాసు మేస్త్రి అనేవారు. ఇంజను మీద చెయ్యి వేసి దాని రోగం చెప్పగలిగేవాడు. (పగవాడే అయినా ఈ మాట ఒప్పుకుంటాను.) కాని నాజిల్‌ని నాజులు అనేవాడు, సిలిండర్‌ని సిలెండ్రం అనేవాడు. అవన్నీ నేను పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. ఊరుకోలేకపోయింది ఒక్కదాని దగ్గరే. ప్రతి ఇంజనుకీ ఒక ఇత్తడి రేకు ఉండేది. దాని మీద దాని బలమెంతో అంకె, పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు. అయిదంకె ఉంటే అయిదు గుర్రాల బలమని అర్థం. మేస్త్రి దాన్ని 'అయిదు హెచ్చు పీ' అని చదివేవాడు. మా ఇంగ్లీషు మాస్టారేమో ఆ మొదటి అక్షరాన్ని 'ఎయిచ్' అనాలని, దాని పేరులో హకారం లేనే లేదని చెప్పి, నేను 'హెచ్' అన్న పాపానికి రెండు రోజులు బెంచీ ఎక్కించారు. రెండు రోజులు నిలబడి సంపాదించుకున్న అక్షరాన్ని ఒక మేస్త్రి కోసం వదులుకుంటానా?

ఆ ఏడాది ఎండలు ముందే ముదిరాయి. మా పెదమావయ్యకి రావికమతం వెళ్ళే దారిలో రెండెకరాల చెరుకు. ఏతంతో తోడిన నీళ్ళు మొదలు తడిసేలోగానే ఆవిరైపోతున్నాయి. ఆకు కొసలు పసుపుపచ్చగా మారి, తోట దూరాన్నుంచి చూస్తే పండిన వరిచేనులా కనపడేది. ఇంజను కొనమని నేనే చెవిలో పోరాను. మావయ్య ఒప్పుకున్నాడు గాని ఒక షరతు పెట్టాడు. మంచి ముహూర్తంలో పూజ చేసి తిప్పాలి, ముహూర్తం దాటితే మళ్ళీ ముహూర్తం వచ్చేదాకా చెయ్యి పెట్టకూడదు. సిద్ధాంతిగారు పంచాంగం చూసి ఒక రోజు చెప్పి, ఆ ఉదయం పదిన్నర లోపల అన్నారు. తప్పితే మళ్ళీ తొమ్మిది రోజులకి. తొమ్మిది రోజులు ఆ చెరుకు ఆగదని చూసిన ప్రతివాడికీ తెలుసు.

ఇంజను నాటుబండి మీద వచ్చింది. మేస్త్రి తెల్లవారకముందే బిగించేశాడు. చక్రానికి పసుపు రాసి, మామిడాకులు కట్టి, ఇంజను తిప్పే హేండిలుని కొత్త గుడ్డ మీద పెట్టారు. ఊరంతా చెరుకు గట్ల మీద నిలబడింది. సిద్ధాంతిగారు చేతిలో నీళ్ళు పోసుకుని సంకల్పం మొదలుపెట్టి, మావయ్య పేరూ గోత్రమూ చెప్పి, ఆగి, "ఈ వస్తువు పేరేమిటి నాయనా?" అన్నారు. 'ఇంజను' అంటే సరిపోయేది. కాని నేను షాపు తరఫు మనిషిని, పూర్తి పేరు ముందురోజే చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. అందరికీ వినపడేలా "అయిదు ఎయిచ్ పీ ఆయిల్ ఇంజను" అని చదివాను.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "ఎయిచ్చేటి బాబూ, తుమ్మొస్తందా? హెచ్చు అనాల. మద్రాసులో దొరలు కూడా హెచ్చే అంటారు."

గట్ల మీద నవ్వులు. నవ్వినవాళ్ళు పదకొండుమంది. పేర్లు ఇప్పటికీ చెప్పగలను. నేను మా మాస్టారి పేరు చెప్పాను, అతను మద్రాసులో తను పనిచేసిన వర్క్‌షాపు పేరు చెప్పాడు. సిద్ధాంతిగారు చేతిలో నీళ్ళు అలాగే పట్టుకుని, త్వరగా తేల్చుకోండి, పేరు తప్పు పలికితే ఫలం మరొకరికి పోతుంది అన్నారు. అది విని మావయ్య గతుక్కుమని పక్క చేనువైపు చూశాడు. ఆ చేనాయనతో మావయ్యకి మూడేళ్ళుగా గట్టు తగాదా. ఆయన కూడా అక్కడే నిలబడి, ఫలం తనవైపు వస్తే కాదనేలా లేడు. మావయ్య కంగారుపడి తీర్పు చెప్పేశాడు: ఇంజను తిప్పేవాడు మేస్త్రి కనక మేస్త్రి చెప్పిందే ఖాయం.

సొంత మేనమామ. గుడ్డ మీది హేండిలు తీసుకున్నాను, వెళ్ళి నూతిగట్టు మీద కూర్చున్నాను, ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేశాను. ఎయిచ్ అని సంకల్పం చెప్పేదాకా ఇచ్చేది లేదన్నాను. (ఈ ఘట్టం రాస్తుంటే మా ఆవిడ భుజం మీంచి చదివి, చెప్పుకోవడానికి సిగ్గు లేదా అంది. లేదు.)

సిద్ధాంతిగారు బొడ్లోంచి గడియారం తీసి ఇంకో పావుగంట అన్నారు. కొందరు నన్ను బతిమాలారు, కొందరు తిట్టారు. మేస్త్రి మాత్రం ఇంజనుకి ఆనుకుని బీడీ ముట్టించాడు. ఒక్కసారి ఎయిచ్ అంటే పోయేదానికి అతనూ అనలేదు చూశారా, మొండితనమంటే అది. చివరికి మావయ్య నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ, బాగా నెమ్మదిగా అడిగాడు.

"ఒరే, సెరుకు ఎండిపోతందిరా. ఆ అచ్చరాన్ని తాగుతాదేటి సెరుకు?"

అతని వెనకాల తోట కనపడుతోంది. నా చెయ్యి కొంచెం సడలిన మాట నిజం. కాని గట్టు మీద ఆ పదకొండుమంది ఉన్నారే.

అప్పుడు మా అమ్మమ్మ వచ్చింది. బండి నీడలో కూర్చుని ఇంతసేపూ విన్న మనిషి, కర్ర తాటించుకుంటూ వచ్చి, అసలా అక్షరానికి అర్థమేమిటని నన్నడిగింది. గుర్రమని చెప్పాను. అయిదు గుర్రాల బలం ఆ ఇనుములో ఉందని చెప్పాను. అమ్మమ్మ నన్నూ మేస్త్రినీ మార్చి మార్చి చూసింది.

"అయిదు గుర్రాల్ని తెచ్చి ఎండలో కట్టేసి, మేత ఎయ్యకుండా పేరు కోసం కొట్టుకుంటన్నారేటిరా?"

అని, బండి కింద ఎడ్ల కోసం ఉడకబెట్టి ఉంచిన ఉలవల కుండ తెప్పించింది. అరిటాకు పరిచి ఇంజను ముందు అయిదు కుప్పలు పెట్టింది, గుర్రానికొకటి. సిద్ధాంతిగారి మొహం వికసించింది. గుర్రమని ముందే చెబితే ఇంత గొడవ ఎందుకు నాయనా అంటూ, "పంచాశ్వ బల సమన్విత జలయంత్రం" అని తనకి తెలిసిన భాషలో హాయిగా సంకల్పం పూర్తిచేసి, ఉలవలు నైవేద్యం పెట్టారు. ఫలం పక్క చేనుకి పోలేదు. ఇంకా అయిదు నిమిషాలుందన్నారు. హేండిలు మాత్రం నా ఒళ్ళోనే ఉంది.

అమ్మమ్మ గుప్పెడు ఉలవలు తీసుకుని నా దగ్గరికొచ్చింది. "ప్రసాదంరా బాబూ, రెండు సేతులూ పట్టు" అంది. ప్రసాదాన్ని ఒంటిచేత్తో కూర్చుని పుచ్చుకోవడం మా ఇంట్లో ఎవడూ ఎరగడు. నేను లేచాను, దోసిలి పట్టాను. హేండిలు ఒళ్ళోంచి జారి ఠంగుమని రాతి మీద పడింది. మేస్త్రి బీడీ పారేసి ఒక్క అంగలో దాన్ని అందుకున్నాడు. (ఆవిడ కావాలనే చేసిందని నాకు పదేళ్ళ తరవాత తట్టింది. అప్పటికి అడగడానికి ఆవిడ లేదు.)

మూడు తిప్పులు తిప్పాడు. నల్లటి పొగ, ఒక దగ్గు, ఇంకో దగ్గు, ఆపైన కాలి కింద నేల అదిరేలా డుబ్‌డుబ్‌మని అందుకుంది. గొట్టం ముందు గాలి ఊదింది, తరవాత బురద కక్కింది, తరవాత మనిషి తొడంత లావున తెల్లగా నీళ్ళు. మావయ్య తలపాగాతో సహా ఆ ధార కింద కూర్చుండిపోయాడు. పదకొండుమందీ కాలవలోకి దూకారు. పక్క చేనాయన కూడా కాళ్ళు కడుక్కున్నాడు. ఎడ్ల దాణా నోటినిండా పెట్టుకుని నేనూ నవ్వాను. ఇన్నాళ్ళూ నవ్వలేదనే చెబుతూ వచ్చాను.

సాయంత్రం మావయ్య మేస్త్రికి తాంబూలంతో పంచెల చాపు పెట్టాడు. నావైపు చూసి, నీకు ఉలవలు అందేయి కదరా అన్నాడు. మర్నాటికి చోడవరం బజారులో నా పేరు ఎయిచ్ బాబు అయిపోయింది. నేను ఊరుకోలేదు. ఇంజను తయారుచేసిన కంపెనీకి జవాబు కార్డు జతచేసి రాశాను: మీ రేకు మీది అక్షరాన్ని ఎలా పలకాలో దయచేసి తెలియజేయండి. జవాబు వచ్చింది, టైపు చేసి మరీ. మీ ఇంజను వివరం అందింది అంటూ ఆ రెండక్షరాలూ రేకు మీద ఉన్నట్టే కొట్టి, నూనె వడకట్టి పొయ్యమన్నారు. ఎలా పలకాలో చెప్పమంటే కాగితం మీద రాసి పంపిస్తే నేనేం చేసుకోను?

మేస్త్రితో ఆ తరవాత ఇరవై ఏళ్ళు ఒకే షాపులో ఉన్నాను. చచ్చేదాకా హెచ్చు అన్నాడు. కాని రోజూ పొద్దున్న గుమ్మంలో అడుగుపెడుతూనే, "ఏటి ఎయిచ్ బాబూ, టీ తాగేవేటి?" అని పలకరించేవాడు. మొన్న ఒంటరిగా టీ తాగుతుంటే తట్టింది. నా పేరు పిలిచినప్పుడల్లా ఆ అక్షరాన్ని మా మాస్టారు చెప్పినంత శుభ్రంగా, ఒక్క పిసరు హకారం లేకుండా పలికేవాడు. ఇరవై ఏళ్ళు ప్రతి పొద్దునా నేనే గెలుస్తూ, ఆ సంగతి తెలియక మొహం ముడుచుకుని టీ తాగాను. గ్లాసు పట్టుకుని ఒక్కణ్ణీ నవ్వుకుంటే మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది.

అంతమాత్రాన వదిలేశాననుకోకండి. ఆ కంపెనీ ఇంకా ఉందని, ఇప్పుడు కరెంటు మోటార్లు చేస్తోందని విన్నాను. అయ్యా, నా కార్డుకి సరైన జవాబు ఇంకా రాలేదు. ఈసారి రాసి పంపవద్దు. మీలో ఎవరైనా ఒకరు స్వయంగా వచ్చి, మా మావయ్య నూతిగట్టు మీద నిలబడి, ఆ అక్షరాన్ని ఒక్కసారి పైకి అనండి. ఇంజను ఎప్పుడో తుక్కుకి పోయింది. హేండిలు మాత్రం నా దగ్గరే ఉంది.